ఇంటి రాగి బిస్కత్తులు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మేము బిస్కత్తు పొట్లములమ్ము వర్తకులమే. అయినను, అవి బిడ్డలకు నిత్యాహారము కాదగవని చెప్పుట మా విధి. పొట్లము వెనుకనున్న పట్టికను చదువుడు. ఎక్కువగా నున్న పదార్థమే అందు మొదట వ్రాయబడును. పెక్కింట మైదా, పంచదార, పామాయిలే ముందుండును.

మన హోసూరు సీమలో పండు రాగులందో, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియము కలదు. ఎదుగు బిడ్డల యెముకలకు కావలసినది అదియే.

ఒక గిన్నెడు రాగిపిండిని సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు వేయింపుడు. చల్లారిన పిమ్మట గిన్నెడు గోధుమపిండి, అరచెంచా బేకింగ్ పౌడరు, కొంచెము ఏలకుల పొడి, నువ్వులు కలుపుడు. రాగిపిండికి సాగు గుణము లేదు; గోధుమపిండి చేర్చనిచో బిస్కత్తు పొడియగును. అరగిన్నె నెయ్యి, ముప్పాతిక గిన్నె బెల్లపుపొడి గిలకొట్టి పిండిలో చేర్చి, ముద్దకు చాలినన్ని పాలు మాత్రమే పోసి, బిళ్ళలుగా నొత్తుడు.

ఓవెను లేదని వెనుదీయ నక్కరలేదు. మందపు గిన్నెలో ఉప్పు పరచి, మూతపెట్టి 10 నిమిషములు కాచుడు. అందు ముక్కాలిపై బిళ్ళల పళ్ళెము నుంచి, మరల మూసి, సన్నసెగపై సుమారు 20 నిమిషములుంచుడు. వేడిలో మెత్తగా నున్నను చల్లారిన గట్టిపడును.

బెల్లమును తీపియే గావున దినమునకు రెండు చాలును.

రాగులు, చోళ్ళు, తైదలు — ఒకే ధాన్యమునకు తెలుగువారి పేర్లివి. పిండి కలుపునపుడు బిడ్డలచే వీనిని పలికింపుడు. మా బేరము కొంత తగ్గినను, బిడ్డల బలమే మాకు లాభము.