కవలల దస్తూరి

పెద్దలారా, కవలలు అచ్చు గ్రుద్దినట్లుందురు గనుక వారి దస్తూరియు నొక్కటియే యని పెక్కురు నమ్ముదురు. అప్పుపత్రముపై చేవ్రాలు తనది కాదనియు, తన తోడబుట్టినవానిదనియు కవలలలో నొకడు వాదించినచో మీరేమని తేల్తురు?

1875లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ గాల్టన్ అను పండితుడు కవలలనుగూర్చి లేఖలమూలమున విచారించి, తక్కిన పోలికలెన్ని యున్నను దస్తూరి కలియుట అరుదని వ్రాసెను. అట్లేల యగునో ఆయనకును బోధపడలేదు.

నాకు దోచినది చెప్పెదను. ఒకే బడిలో, ఒకే పలకపై దిద్దినను చేతులు వేరు గదా! ఒకడు తలకట్టును వంచును, వేరొకడు నిక్కించును. ఒకడు ఒత్తును పంక్తి క్రిందికి బారుగా లాగును. ఇరువురిలో నొకడు ఎడమచేతి వాటమువాడగుటయు కద్దు. పిమ్మట ఒకనికి దుకాణపు పద్దులు, ఇంకొకనికి నాగలి దక్కినచో వ్రాతలు మరింత విడివడును.

అట్లని పోలికయే లేదనరాదు. 2008లో అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయమువారు 206 కవలజంటల వ్రాతలను కంప్యూటరుచే పోల్చిచూచి ప్రకటించిరి. పరుల వ్రాతలకంటె కవలల వ్రాతలను వేరుపరచుట కష్టమైనది. ఏకాండమున జనించినవారియెడ మరియు కష్టము. అయినను యంత్రము పెక్కింటిని గుర్తింపగలిగెను.

కావున నొక్క చేవ్రాలు చూచి తేల్పక, తగవునకు ముందు వ్రాసిన ఉత్తరములను, పద్దులను ఇరువురివియు తెప్పింపుడు. 1872 నాటి సాక్ష్యచట్టమువలెనే, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలైన చట్టమును నిపుణుని మాటతోపాటు ఆ దస్తూరి నెఱిగినవారి మాటయు వినును. పత్రముపై స్పష్టమైన వేలిముద్ర యున్నచో చిక్కు చాలవరకు తీరినట్లే. కవలలకైనను వేలిముద్రలు కలియవు.