పాత మరబోటుకు కొత్త ఇంజన్: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు అమలులో ఉండే వేట నిషేధం మరబోట్ల యజమానులకు మరమ్మతుల కాలం కూడా అవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో బోట్లను ఒడ్డుకెక్కించి, అడుగున పట్టిన గుల్లలు గీకించి, రంగు వేయించడంతో పాటు ఇంజన్ మార్పిడికి పూనుకొనేది కూడా చాలా వరకు ఈ రెండు నెలల్లోనే. ఆ మార్పిడిలో సాధారణంగా ముందు తేలేది ఎన్ని హార్స్‌పవర్ కావాలన్న ప్రశ్న. ఇరవై, ముప్పై ఏళ్ల వయసున్న బోటు విషయంలో ఈ వరుస తలకిందులైనది. మొదట బోటు ఆకారాన్ని, తర్వాత ప్రొపెల్లర్‌ను, ఆపైన గేర్‌బాక్స్‌ను లెక్కలోకి తీసుకొని, ఇంజన్‌ను చివర నిర్ణయించడమే సరైన పద్ధతి.

నీటి మీద జారుతూ పోయే స్పీడ్‌బోటుకు భిన్నంగా, వల లాగే బరువైన మరబోటు, అంటే ట్రాలర్, నీటిని పక్కలకు తోసుకుంటూ సాగుతుంది. అలా సాగేటప్పుడు అది పుట్టించే అల పొడవు వేగంతో పాటు పెరిగి, బోటు పొడవుతో సమానమైన దశ దాటగానే వెనుక భాగం పల్లంలోకి దిగుతుంది, ముక్కు పైకి లేస్తుంది, బోటు తన అలను తానే ఎక్కవలసి వస్తుంది. నీటి గీత దగ్గర బోటు పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఈ పరిమితి నాట్లలో తెలుస్తుంది. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్ల వేగం. నీటి గీత పొడవు 36 అడుగులైన బోటుకు ఆ పరిమితి సుమారు 8 నాట్లు. అటువంటి బోటులో 100 హార్స్‌పవర్ ఇంజన్‌ను తీసి 180 హార్స్‌పవర్ ఇంజన్‌ను బిగించినా వేగం కొద్దిగానే పెరుగుతుంది. డీజిల్ ఇంజన్ ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 0.2 లీటరు ఇంధనం తాగుతుంది కాబట్టి, ఆ కొద్దిపాటి వేగానికి పడే ఖర్చును ఎవరైనా లెక్కగట్టవచ్చు. పైగా ట్రాల్ వలను రెండున్నర, మూడు నాట్ల వేగంతోనే లాగుతారు గనుక అక్కడ కావలసింది లాగే బలం. హార్బర్‌లో పక్క బోటు కంటే పెద్ద ఇంజన్ ఉండాలనే పంతం పరువుకు సంబంధించినదే గాని వేటకు సంబంధించినది కాదు.

లాగే బలాన్ని ఇచ్చేది ప్రొపెల్లర్. దానికి రెండు కొలతలుంటాయి: ఆకుల కొసలు గీసే వృత్తం వ్యాసం ఒకటి, పిచ్ రెండవది. పిచ్ అంటే ప్రొపెల్లర్ చెక్కలోకి దిగే మరమేకులా పనిచేస్తే ఒక చుట్టుకు ఎంత ముందుకు జరిగేదో ఆ దూరం. వ్యాసం పెద్దదై, నెమ్మదిగా తిరిగే ప్రొపెల్లర్ వలను బాగా లాగుతుంది. పాత బోట్లలో ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, చుట్లను మూడో వంతుకు తగ్గించే గేర్‌బాక్స్ వల్ల ప్రొపెల్లర్ 500 చుట్లు తిరుగుతుంది. దాని స్థానంలో 2000 చుట్ల కొత్త ఇంజన్‌ను తెచ్చి, గేర్‌బాక్స్‌ను, ప్రొపెల్లర్‌ను అలాగే ఉంచితే, ఇంజన్ పూర్తి వేగం అందుకోవాలంటే ప్రొపెల్లర్ 667 చుట్లు తిరగాలి. ప్రొపెల్లర్ అడిగే శక్తి చుట్ల ఘనాన్ని, అంటే చుట్ల సంఖ్యను మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించిన విలువను, అనుసరించి పెరుగుతుంది కాబట్టి, 500 చుట్ల దగ్గర 100 హార్స్‌పవర్ అడిగినది ఇప్పుడు 237 హార్స్‌పవర్ అడుగుతుంది. కొత్త ఇంజన్‌కు అంత శక్తి లేకపోతే అది పూర్తి చుట్లకు చేరలేక, నల్లటి పొగ కక్కుతూ, లోలోపల కాలిపోతూ పనిచేస్తుంది. చుట్లను నాలుగో వంతుకు తగ్గించే గేర్‌బాక్స్ తీసుకుంటే ప్రొపెల్లర్ మళ్లీ 500 చుట్లకే వస్తుంది. కొత్త ఇంజన్ పనికిరాలేదన్న ఫిర్యాదులలో చాలా వాటి వెనుక ఈ చిన్న భాగహారం ఉంటుంది. ఇదే సూత్రం సరంగుకు మరో విధంగా ఉపయోగపడుతుంది: చుట్లను పదో వంతు తగ్గించి నడిపితే శక్తి అవసరం 27 శాతం తగ్గుతుంది.

తక్కువ ధరకు దొరికే పాత లారీ ఇంజన్‌ను బోటులో దించడం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. లారీ ఇంజన్ మీద రాసి ఉండే శక్తి కొద్దిసేపు మాత్రమే ఇవ్వగలిగే గరిష్ఠ శక్తి. రోడ్డు మీద ఎత్తు ఎక్కిన ఇంజన్‌కు పల్లంలో విశ్రాంతి దొరుకుతుంది, వల లాగుతున్న ఇంజన్‌కు గంటల తరబడి అది దొరకదు. గాలితో చల్లబడే రేడియేటర్ బోటులో పనికిరాదు. నేరుగా ఉప్పునీటిని ఇంజన్‌లోకి పంపితే లోపలి దారులు తుప్పు పట్టి పూడుకుపోతాయి. అందువల్ల మంచినీరు ఇంజన్‌లోనే తిరుగుతూ, దాని వేడిని గొట్టాల గోడల మీదుగా సముద్రపు నీటికి అప్పగించే హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న మెరైన్ ఇంజన్‌కే డబ్బు పెట్టడం మేలు.

ఇంజన్‌ను మోసే దిమ్మెలను, అంటే బోటు అడుగున పొడవునా ఉండే బలమైన దూలాలను, పాత ఇంజన్ పైకి లేచిన రోజునే పరీక్షించాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి నూనె, నీరు పీల్చిన చెక్క పైకి గట్టిగా కనిపిస్తూ లోపల పుచ్చిపోయి ఉండవచ్చు. కొత్త ఇంజన్ తేలికైనదైతే బోటు వెనుక భాగం పైకి లేచే అవకాశాన్ని కూడా చూసుకోవాలి. ఇంజన్ గదిలోకి గాలి ధారాళంగా రావాలి, పొగగొట్టం కొత్త ఇంజన్ కోరిన వ్యాసానికి తగ్గకూడదు.

ఇంజన్, ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్ట్ ఒకే గీతలో ఉండేలా సరిచేయడాన్ని అలైన్‌మెంట్ అంటారు. ఒడ్డు మీద నిలిపిన బోటు శరీరం నీటిలో దిగాక కొంత వంపు మారుతుంది కాబట్టి, తుది కొలత ఒడ్డు మీద తీసుకోకూడదు. బోటును నీటిలోకి దించి, రెండు మూడు రోజులు ఆగి, డీజిల్, ఐసు నింపాక, ఆ రెండింటినీ కలిపే కప్లింగ్ పళ్లేల మధ్య సందును సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో చుట్టూ కొలవాలి. పళ్లెం వ్యాసంలో ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతుకు మించి తేడా ఉండకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. ఐదు అంగుళాల పళ్లేనికి అది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మాత్రమే, కాబట్టి కంటి అంచనాకు ఇక్కడ చోటు లేదు.

కొత్త ఇంజన్ పరీక్షను బోటును జెట్టీకి కట్టి ఉంచి గాక, లోతైన నీటిలో నిండు బరువుతో చేయాలి. పూర్తి థ్రాటిల్ దగ్గర ఇంజన్ తయారీదారు చెప్పిన చుట్లకు చేరకపోతే ప్రొపెల్లర్ పిచ్ తగ్గించాలి, సులభంగా దాటిపోతే పెంచాలి. ఇంజన్ వివరాలు బోటు రిజిస్ట్రేషన్ పత్రాల్లో నమోదై ఉంటాయి గనుక, మార్పును మత్స్యశాఖకు, బీమా సంస్థకు వేటకు బయలుదేరక ముందే తెలియజేయాలి. తొలి యాభై గంటల పని తర్వాత నూనె, ఫిల్టర్లు మార్చి, దిమ్మెల బోల్టులు మళ్లీ బిగించి, చెక్క కొత్త బరువుకు సర్దుకున్నాక కప్లింగ్ సందును మరోసారి కొలవాలి.