గ్రామజీవనమున చల్ల



చల్లకు వచ్చి ముంత దాచనేల యను సామెత తెలుగువారందరు నెరిగినదే. మొగమాటపడువానిని గూర్చి దీనిని వాడుదురు. కాని దీని వెనుక నొక సదాచారము గలదు. పాడి లేనివారు పాడిగల యింటికి ముంతతో వచ్చుట సహజమనియు, అందు సిగ్గుపడవలసిన దేమియు లేదనియు నీ సామెత చెప్పుచున్నది. పాలకు వెల గట్టిన పెద్దలే, నేతికి వెల గట్టిన పెద్దలే, చల్లకు వెల గట్టుటకు సంకోచించిరి.

ఆ ముంతలో నేమున్నదో విచారింతము. కాచిన పాలు గోరువెచ్చగా నున్నపుడు చేమిరి వేయుదురు. చేమిరి యందలి సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లముగా మార్చును; ఆ యామ్లముచేతనే పాలు తోడుకొనును. కావుననే పాలు త్రాగిన కడుపుబ్బు వారిలో పెక్కురకు పెరుగు, చల్ల ఇముడును. కవ్వము త్రిప్పగా వెన్న పైకి వచ్చును. మాంసకృత్తులును, ఎముకలకు బలమైన సున్నపు ధాతువును చాలవరకు చల్లయందే నిలుచును. అనగా వెన్న ఇంటివారికి దక్కినను, ముంత తెచ్చిన పొరుగువాడు వట్టి నీటిని గొనిపోలేదు.

చరకసంహిత గ్రహణీ రోగమునకును, మూలవ్యాధికిని తక్రమును ప్రశంసించినది; రాత్రివేళ పెరుగు తినరాదనియు చెప్పినది. 1905లో బల్గేరియా వైద్యుడు గ్రిగొరోవ్ పెరుగునందలి యొక సూక్ష్మజీవిని కనుగొనెను. 1908లో నోబెల్ బహుమానమందిన మెచ్నికాఫ్ పండితుడు పులిసిన పాలు దీర్ఘాయువు నిచ్చునని తలచెను. ఆయన యాశించినంత రుజువు కాలేదు. చల్ల సర్వరోగ నివారిణి కాదు, మంచి యాహారము. అంతమాత్రము చాలును.

పోతనామాత్యుడు భాగవతమున గోపబాలుర వనభోజనమును వర్ణించుచు, బాలకృష్ణుని యెడమచేత మీగడపెరుగు కలిపిన చల్దిముద్దను, వ్రేళ్ల సందున నూరుగాయలను ఉంచెను. దేవుడు సైతము తోడివారి నడుమ కూర్చుండి తిన్న దీ సామాన్యుని కూడే. మిరప పండు మన సీమలో నీ రుచి మరింత తెలియును. చల్లలో నూరి యెండిన మిరపకాయ లేని పెరుగన్నము నెవరు మెత్తురు?

కొత్తపట్నపు వేసవి యెండలో చేలలో పనిచేయువారికి ఉప్పు కలిపిన పలుచని చల్ల దాహము తీర్చి, చెమటతో పోయిన నీటిని, లవణమును కొంత పూరించును. రక్తపుపోటు గలవారు ఉప్పు తగ్గించుకొనవలెను. వడదెబ్బకు స్పృహ తప్పినవాని నోట మాత్ర మేమియు పోయరాదు. నీడకు చేర్చి, ఒడలు తడిపి, వెంటనే వైద్యుని కడకు గొనిపోవలెను. పచ్చిపాలవలన క్షయ మొదలగు రోగములు సోకగలవు గనుక, పాలు కాచియే తోడుపెట్టవలెను.

ఒంగోలు జాతి పశువులు బ్రెజిలు దేశమున నెలోరు అను పేర ప్రసిద్ధి గాంచినవి. ఇచ్చట మాత్రము పెక్కిండ్ల దుత్తను నింపునది గేదెయే. ఆ పాలును తెల్లవారకమున్నే పాలకేంద్రమునకు పోవుచున్నవి. దీనిని తప్పుపట్టరాదు. ఆ సొమ్ముతో పిల్లల చదువులు సాగుచున్నవి, ఇల్లాలి చేత నాలుగు రూపాయలు నిలుచుచున్నవి. కాని గేదెను మేపు నింటి బిడ్డకే చల్ల కరవగుట న్యాయమా? పూటకు సోలెడు పాలు ఇంట మిగిల్చిన రాబడి కొంత తగ్గును. బిడ్డ కంచమున పెరుగుండును, పొరుగువాని ముంత వట్టిదిగా మరలదు.

ఇరువదియైదేండ్లుగా నీ గ్రంథాలయము చేసినదియు నిదియే. పుస్తకము లేనివాడు ఉన్నచోటికి వచ్చి, వెల లేక గొనిపోయి చదివినాడు. చెంచెడు చేమిరి కుండెడు పాలను తోడుపెట్టును. ఊరిలో చదివిన నలుగురును అట్లే కావలెను. ఇకముందును ఎవ్వరును ఇచ్చట ముంత దాచకుందురు గాక! ఉన్నవారు తలుపు మూయకుందురు గాక!