లెక్క చెప్పేదే మన సర్కారు

(మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక ఆదాయ వ్యయాలు చదువుతుంటే ఒక అక్క లేచి, "సంఘంలో రూపాయి రూపాయికీ లెక్క అడుగుతాం. సర్కారును మాత్రం ఓటేశాక అయిదేళ్ళు ఏమీ అడగకూడదా?" అంది. ఆ మాట మీదే నాలుగు ముక్కలు చెప్పదలిచాం.

ఓటుతో ప్రభుత్వానికి అధికారం వస్తుంది. అది చిన్న విషయం కాదు. కానీ "ఇది మా ప్రభుత్వం" అని జనం మనసులో అనుకోవాలంటే అదొక్కటే చాలదు. మన ఆడవాళ్ళు నడిపిన సారా ఉద్యమమే ఇందుకు సాక్ష్యం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో, 1990ల మొదట్లో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు సారా గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే సారా కొట్టుకు పోతున్నాయి. ఆ కొట్టు దొంగ కొట్టేం కాదు, సర్కారే పాట పెట్టి ఇచ్చింది. కాగితం ప్రకారం అంతా సక్రమమే. అయినా అది న్యాయమని ఆ తల్లులకు అనిపించలేదు. రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడి కొట్టు మూయించారు. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి, సారా పాటలకే అడ్డం తిరిగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో, ఖజానాకు ఆదాయం లేదనీ దొంగ రవాణా ఆగడం లేదనీ దాన్ని సడలించారు. ఆ కారణాల్లో నిజం ఉండొచ్చు. కానీ తెచ్చేటప్పుడు ఆడవాళ్ళ మాటకున్న విలువ తీసేటప్పుడు ఏమైంది? అప్పుడూ ఇప్పుడూ మనం ఓటేసిన ప్రభుత్వాలే. మన మాట విన్నప్పుడు మనవి అనిపించాయి, విననప్పుడు పరాయివి అనిపించాయి.

సారా మాన్పించిన ఆ నెల్లూరు ఆడవాళ్ళే రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. ఈ రోజు మనం కూర్చున్న చాప వాళ్ళు పరిచిందే.

మరి మన ఇంట్లో సంగతేమిటి? కిందటేడు మన దగ్గర ఒక గ్రామ సంఘంలో తీర్మానం లేకుండా ఒక అప్పు ఇచ్చారు. అడిగితే లీడర్లు, "మమ్మల్ని ఎన్నుకుంది మీరే కదా" అన్నారు. డబ్బు ఎక్కడికీ పోలేదు. కానీ సభ్యులు మీటింగుకు రావడం తగ్గింది, వాయిదాలు ఆలస్యమయ్యాయి. చివరికి మినిట్స్ పుస్తకం అందరి ముందు చదివి, తప్పు ఒప్పుకుని, ఆ అప్పు మీద మళ్ళీ తీర్మానం చేశారు. అప్పుడు గానీ మనుషులు తిరిగి రాలేదు. సంఘానికైనా సర్కారుకైనా పద్ధతి ఒకటే.

"పథకం తీసుకుంటూ ప్రశ్నలు అడుగుతావా?" అని కొందరంటారు. మనం అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం. పథకం ఎవరి జేబులోదీ కాదు. దానికి దణ్ణం పెట్టక్కర్లేదు, లెక్క అడిగితే చాలు. "మీటింగుకు రాకపోతే పేరు తీసేస్తాం" అనే బెదిరింపుతో జనాన్ని పోగుచేస్తే మైదానం నిండుతుంది గానీ నమ్మకం రాదు.

అడగడానికి దారులున్నాయి. గ్రామసభ ఉంది. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈసారి గ్రామసభకు ఒక్కో సంఘం నుంచి కనీసం ఇద్దరు వెళ్ళండి. వీధి కుళాయి గురించైనా సరే, ఒక్క ప్రశ్న అడిగి, ఆ జవాబు రాయించండి.

మమ్మల్ని అడిగారా? లెక్క చూపారా? తప్పు దిద్దుకున్నారా? సర్కారును ఈ మూడూ అడుగుదాం. ఇవే మూడు మమ్మల్నీ అడగండి. పుస్తకాలు ఈ బల్ల మీదే ఉన్నాయి.