కడలి పంటలో కానరాని కల్తీ



చేపలను కొనబోయిన గృహిణి మొప్పల ఎరుపును చూచును, కండను వ్రేలితో నొక్కి చూచును. తాజాదనమును తెలిసికొనుటకు ఈ పరీక్ష చాలును. కాని నేటి సముద్ర జీవులలో కంటికి గాని, వ్రేలికి గాని అందని కల్తీ యొకటి చేరినది. అది ప్లాస్టిక్ రజను.

ఐదు మిల్లీమీటర్లకు లోబడిన ప్లాస్టిక్ తునకలను శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టిక్‌లని వ్యవహరించుచున్నారు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ థాంప్సన్, ఆయన సహచరులు 2004లో ప్రకటించిన పరిశోధనతో ఈ మాట వ్యాప్తిలోనికి వచ్చినది. సంచులు, సీసాలు ఎండకు పెళుసై, అలల తాకిడికి చితికి రజనగును. కృత్రిమ నూలు వస్త్రములను ఉదికిన నీటితో సన్నని పోగులు కాలువల వెంట కడలి చేరును.

కడలిలో సహజముగా పెరిగిన జీవికిని, మానవుడు పెంచిన జీవికిని ఈ విషయమున భేదము కలదా? పెంపకమనగా కాపలా, కాపలా యనగా శుభ్రత యని పలువురి తలంపు. ఆల్చిప్ప జాతికి చెందిన మస్సెల్ కథ ఈ తలంపును సవరించును. మస్సెల్‌కు ఎవరును మేత వేయరు. అది యున్న చోటనే నీటిని పీల్చి, వడగట్టి, అందలి సూక్ష్మ జీవులను ఆరగించును. ఆ జల్లెడకు పాచి యేదో, ప్లాస్టిక్ ఏదో ఎట్లు తెలియును? 2014లో బెల్జియం శాస్త్రజ్ఞులిద్దరు పెంపకపు మస్సెళ్ళను, ఆయిస్టర్లను పరీక్షించిరి. గ్రాము మాంసమునకు సగటున మస్సెళ్ళలో 0.36, ఆయిస్టర్లలో 0.47 తునకలు కనబడినవి. మూడు దినములు పరిశుభ్రమైన నీటిలో ఉంచిన పిదప అవి 0.24కును, 0.35కును తగ్గినవే గాని తొలగలేదు. అదే సంవత్సరమున కెనడాలోని హాలిఫాక్స్ రేవు ప్రాంతపు పరిశీలన వెలువడినది. అందు తీరమున సహజముగా పెరిగిన మస్సెళ్ళలో కంటె పెంపకపు వానిలోనే పోగులు అధికముగా కానవచ్చినవి. వానిని పెంచు త్రాళ్ళు ప్లాస్టిక్‌వి యగుట ఇందుకు కారణము కావచ్చునని పరిశోధకులు భావించిరి.

వేట సంగతియు ఇట్టిదే. స్కాట్లండులోని క్లైడ్ సముద్రమున పట్టిన నార్వే లాబ్‌స్టర్లలో నూటికి 83 ప్లాస్టిక్‌ను మ్రింగియున్నట్లు 2011లో వెల్లడియైనది. వాని కడుపులలో ఉండలు కట్టిన పోగులు దొరకినవి. అరిగిన వలలు, త్రాళ్ళు అట్టి పోగులకు ఒక మూలము. పట్టువాని వలయు, పెంచువాని త్రాడును ఒకే జాతి సరుకు. ఇరువురి పంటలోను ఒకే కల్తీ.

అట్లని చేపల పులుసు మానవలెనా? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ఈ ప్రశ్నను పరిశీలించినది. 225 గ్రాముల మస్సెళ్ళను భుజించినచో, అత్యధికముగా లెక్కించినను, 7 మైక్రోగ్రాముల ప్లాస్టిక్ లోనికి పోవుననియు, దాని వెంట వచ్చు కొన్ని విషరసాయనముల భారము స్వల్పమనియు తెలిపినది. అత్యంత సూక్ష్మ రేణువుల విషయము మాత్రము ఇంకను తేలవలసియున్నది. తునకలు ప్రధానముగా కనబడునది ప్రేగులలోనే. ఆల్చిప్పలను, చిన్న నెత్తళ్ళను ప్రేగులతో కూడ తినుట కలదు; పెద్ద చేపలను కడుపు శుభ్రము చేసియే వండుదురు. రొయ్య వీపునుండి నల్లని నరమును లాగివేయుట తెలుగిండ్ల అలవాటు. నరమని పిలువబడు నది నిజమునకు ప్రేగే. పెద్దల అలవాటు నేటికిని మేలు చేయుచున్నది.

వంటింటి జాగ్రత్తకు హద్దు కలదు. కడలికి ఎల్ల లేదు. ప్లాస్టిక్ కాలుష్యమును అంతమొందించు ఒడంబడికకై సంప్రదింపులు జరుప 2022 మార్చిలో నైరోబిలో దేశములు నిశ్చయించినవి. 2025 ఆగస్టునాటి జెనీవా సమావేశము ఒప్పందము కుదరకయే ముగిసినది. భారతదేశమున 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషేధింపబడినవి. ఉత్తరువు కాగితము దాటి అంగడికి, అంగడి దాటి ఇంటికి చేరినపుడే సార్థకము. తెగిన వలను నీటిలో విడువక ఒడ్డునకు తెచ్చు జాలరికి దానిని అప్పగించు చోటును, తగిన వెలయు ఉండవలెను. గృహిణి వ్రేలికి అందని కల్తీని ఆపవలసినది ఆ ఒడ్డుననే.