రేడియో పట్టిచ్చిన రహస్యం

ఉపగ్రహాల జాడ తీయాలంటే ప్రభుత్వ కేంద్రాలే కావాలా? అక్కర్లేదని 1960లలోనే ఇంగ్లండులోని ఒక బడి చూపించింది. కెటరింగ్ గ్రామర్ స్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే జెఫ్రీ పెర్రీ, ఆయన విద్యార్థులు షార్ట్‌వేవ్ రేడియోలో 20 మెగాహెర్ట్జ్ దగ్గర సోవియట్ కాస్మోస్ ఉపగ్రహాల సంకేతాలు వినేవారు.

ఎదురొచ్చే రైలు కూత మనల్ని దాటగానే బొంగురుపోతుంది కదా! ఉపగ్రహం దాటిపోయేటప్పుడు దాని సంకేత పౌనఃపున్యం కూడా అలాగే తగ్గుతుంది. ఆ మార్పునూ, సంకేతం వినిపించిన వేళలనూ వరసగా రాసుకుంటే కక్ష్యను లెక్కగట్టవచ్చు.

1966 మార్చి 17న కాస్మోస్ 112 ఎగిరింది. దాని దారి, కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి మామూలుగా వెళ్లే ఉపగ్రహాల దారిలా లేదు. అక్టోబరులో కాస్మోస్ 129 కూడా వెళ్లాక, ఈ దారులను పెర్రీ బృందం పటం మీద గీసి చూస్తే, అవి ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్క్ దగ్గర కలిశాయి. అలా ఒక రహస్య ప్రయోగకేంద్రం బయటపడింది. సోవియట్ ప్రభుత్వం ఆ కేంద్రం ఉందని ఒప్పుకున్నది 1983లో!

ఉపగ్రహాల జాడ తీసే ఈ సరదా రేడియో లేకపోయినా మనమూ మొదలుపెట్టవచ్చు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 90 నిమిషాలకొకసారి భూమిని చుట్టివస్తుంది. పొద్దుగూకాక, తెల్లవారకముందు మనకు చీకటిగా ఉన్నా దానిమీద ఎండ పడుతుంది కాబట్టి మామూలు కంటికే కనిపిస్తుంది. మిణుకుమనకుండా నిలకడగా సాగే వెలుగు కనిపిస్తే వేళ, దిక్కు, ఎత్తు రాసుకోండి. పరిశీలన అక్కడే మొదలవుతుంది.