ఆ పిల్ల మొండిది కాదు

బీఈడీ పట్టాలు అందుకుంటున్న పిల్లలందరికీ అభినందనలు. మూడో వరసలో ఉన్న బాబూ, ఆ ఫోను కాసేపు జేబులో పెట్టు నాయనా. రేపు నీ క్లాసులో ఎవడైనా ఇదే పని చేస్తే అరిచేది నువ్వే.

నా మొదటి పోస్టింగు 1984లో, సీతంపేట ఏజెన్సీలో. కొండ మీద సవర గూడెం. గది ఒకటి, తరగతులు ఐదు, టీచరు ఒక్కతే. ట్రైనింగులో మంచి మార్కులు వచ్చాయన్న పొగరు మాత్రం నాకు గది నిండా ఉండేది.

ఒకటో తరగతిలో ఒక పిల్ల. పేరడిగితే చెప్పదు. పలక తియ్యమంటే తియ్యదు. నా మొహంలోకి కళ్ళప్పగించి చూస్తుంది, అంతే. తొమ్మిది రోజులు ఓర్చుకున్నాను. పదో రోజు గోడ పక్కన నిలబెట్టాను, మధ్యాహ్నం గంట కొట్టేదాకా. మొండిఘటం అని నా నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. సాయంత్రం నాలుగో తరగతి కుర్రాడొకడు చీపురు పట్టుకుని గది ఊడుస్తూ, తలెత్తకుండానే అన్నాడు: “టీచరమ్మా, దానికి మీ మాట రాదు.”

తెలుగు రాదు అనలేదు వాడు. “మీ మాట” అన్నాడు. నేనూ శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టాను, వాళ్ళూ అక్కడే పుట్టారు. అయినా సవర ముండా కుటుంబపు భాష, మన తెలుగుతో దానికి చుట్టరికమే లేదని ఆ రాత్రిదాకా నాకు తట్టనేలేదు.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. నేను చేసిన పని తిన్నగా దాని కిందికే వస్తుంది. అప్పటికి చట్టం లేదు కనక నాకు ప్రమోషన్లు వచ్చాయి.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. గిడుగు రామమూర్తి గారి పేరు నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. వ్యావహారిక భాషోద్యమం, ఐదు మార్కుల ప్రశ్న! ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారనీ, సవర పిల్లల కోసం సొంత డబ్బుతో బడి పెట్టారనీ, ఆ కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుంటే క్వినైను వాడి చెవుడు వచ్చిందనీ తర్వాత చదివాను. పిల్లల మాట వినడానికి వెళ్ళి చెవులు పోగొట్టుకున్నారాయన. రెండు చెవులూ బాగున్న నేను పది రోజులు ఏమీ వినలేదు.

పిల్లల మాట మనం వినడం లేదన్నదొక్కటే నాకున్న బెంగ. పదవీ విరమణ చేసినా వదల్లేదు. 2004లో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చే పని మన రాష్ట్రంలో మొదలైంది. చాలా మంచి పని. కానీ ఆ మాట వచ్చిన టీచరున్న చోట ఆ పుస్తకాలు నలిగాయి, లేనిచోట బీరువాలో కొత్తగానే ఉన్నాయి. నేను చూసిన బడుల సంగతి చెబుతున్నాను.

మా ఊళ్ళో గిరిజనులు లేరు కదా మేడం అంటారు మీరు. ఉండండి. “ఏటి” అన్న పిల్లాణ్ణి “ఏమిటి అనాలి” అని సరిదిద్దుతాం, వాడు చెప్పబోయిన సంగతి అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు వేసి పుస్తకాలిస్తున్నారు. ఎదుటి పేజీ చూడడం నామోషీ అనుకునే టీచర్లను నేను బోలెడుమందిని చూశాను. కోరస్‌గా చదివించి, సిలబస్ అయిపోయిందంటారు. ఎవరికి అయిపోయిందమ్మా?

మీ లెసన్ ప్లాన్లు సీనియర్ల దగ్గర కాపీ కొట్టినవేనని నాకు తెలుసు. నవ్వకండి, మేమూ అంతే చేశాం. అందులో “పూర్వజ్ఞానం” అని ఒక గడి ఉంటుంది కదా, దాన్ని మాత్రం కాపీ కొట్టకండి. ఆ పిల్లవాడి ఇంట్లో అన్నాన్నీ వాననూ ఏమంటారో కనుక్కుని, అందులో రాయండి. పై అధికారి వచ్చి ఇదేమిటని అడిగితే నా పేరు చెప్పండి. ఈ వయసులో నన్నేం చేస్తారు?

ఆ చీపురు కుర్రాడి దగ్గరే నేను సవర నేర్చుకున్నాను, రోజుకు రెండు మాటల చొప్పున. ఒక వానపూట, కిటికీలోంచి బయటికి చూపిస్తూ వానకు వాళ్ళ మాట గట్టిగా అన్నాను. తప్పు పలికానట. గోడ పక్కన నిలబెట్టిన పిల్ల పకపకా నవ్వి, సరైన మాట చెప్పింది. దాని గొంతు నేను వినడం అదే మొదలు. మళ్ళీ అన్నాను. మళ్ళీ తప్పేనంది.